హాస్టలు గడప: తెలుగునాట కౌమారానికి చోటు దొరికిన చరిత్ర

బాల్యానికీ పెద్దరికానికీ నడుమ ఉండే కాలాన్ని, అంటే వైద్యులూ మనస్తత్వ శాస్త్రజ్ఞులూ కౌమారమని పిలిచే దశను, తెలుగు సమాజం చాలాకాలం పాటు అందరికీ పంచిపెట్టలేదు. పన్నెండేళ్లకే ఆసామి దగ్గర జీతానికి కుదిరిన కుర్రవాడు మరునాటి నుంచి పశువుల కొట్టంలో పెద్దవాళ్లతో సమానంగా చాకిరీ చేయవలసినవాడే. రజస్వల కాకముందే పెళ్లయి, అయిన కొద్ది రోజులకే కాపురానికి వెళ్లిన ఆడపిల్ల అత్తవారింట కోడలే తప్ప పిల్ల కాదు. చదువు దొరకడం, దానికోసం ఇల్లు విడిచి మరోచోట ఉండగలగడం, ఉన్నచోట తిండికీ పడకకూ ఎవరో ఒకరు పూచీ పడటం అనే మూడూ ఒకచోట కలిసినప్పుడే పేదింటి పిల్లలకు ఆ వయసు తమదిగా మిగిలింది; ఆ మూడింటినీ కలిపిన సంస్థ హాస్టలు. అందువల్ల ఈ ప్రాంతంలో కౌమారుల మనసు బాగోగుల చరిత్రను ఆసుపత్రుల్లో వెతికితే దొరికేది కొంచెమే, వసతి గృహాల్లో వెతికితే మాత్రం ఎంతో దొరుకుతుంది. ఆ చరిత్ర పొడవునా రెండు సంగతులు పిల్లల క్షేమాన్ని తేల్చాయి: భోజనాల పంక్తిలో పక్కన ఎవరిని కూర్చోనిచ్చారనేది మొదటిది, రాత్రివేళ పిల్లల దగ్గర బాధ్యత గల పెద్దమనిషి ఎవరున్నారనేది రెండోది.

హాస్టలుకు ముందు తెలుగు ఊళ్లలో ఉన్న ఏర్పాటు వారాలు. చదువు కోసం పరాయి ఊరు చేరిన పేద బ్రాహ్మణ కుర్రవాడు వారంలో ఒక్కో రోజుకు ఒక్కో ఇంట భోజనం కుదుర్చుకుని, రాత్రి ఏ సత్రం అరుగు మీదో, ఎరిగినవారి వసారాలోనో పడుకుని, మొదట్లో వేదపాఠశాలలోనూ తర్వాతి కాలంలో ఇంగ్లీషు హైస్కూలులోనూ చదువు సాగించేవాడు. ఈ పద్ధతికి ఒక మంచి గుణం ఉంది: కుర్రవాడు చెప్పిన వేళకు రాకపోతే జ్వరమేమోనని కబురు పంపే ఇల్లాలు ఆ ఏడు ఇళ్లలో ఎక్కడో ఒకచోట ఉండేది, అంటే అతడు తిన్నాడా లేదా అన్నది రోజూ ఒక మనిషి కంట పడేది. అయితే ఒక ఇంట వారం తప్పిపోతే ఆ రోజు పస్తు, పైగా ఆ పస్తు సంగతి తోటి పిల్లలకు తెలియకుండా దాచుకోవడం ఆ వయసులో ఆకలి కంటే బరువైన పని. పెట్టేవారి ముఖం చూసి ఎంత అడగాలో, ఎప్పుడు లేవాలో లెక్క వేసుకుంటూ పెరిగిన పిల్లల మనసులో కృతజ్ఞతతో పాటు చిన్నతనపు ముల్లు కూడా జీవితాంతం ఉండిపోయేది. వీటన్నిటికీ మించిన లోపం వారాలు కులం గడప దాటకపోవడం. వారం అడగడానికే అర్హత లేని కులాల పిల్లవాడు ఎంత తెలివైనవాడైనా, పక్క ఊళ్లో ఎంత మంచి బడి ఉన్నా, సాయంత్రం అన్నం దొరికే చోటు లేక పశువుల వెంటే మిగిలిపోయాడు.

అలా బయట నిలిచిపోయినవారికి మొదట తలుపు తీసినవాటిలో క్రైస్తవ మిషన్లున్నాయి. గుంటూరు ప్రాంతంలో లూథరన్ మిషనూ, ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో అమెరికన్ బాప్టిస్టు మిషనూ పందొమ్మిదో శతాబ్దపు ద్వితీయార్ధంలో బడులతో పాటు వసతి కూడా పెట్టాయి. 1876-78 నాటి మహా క్షామం తర్వాత మాల మాదిగ కుటుంబాలు పెద్ద సంఖ్యలో మిషన్లలో చేరడంతో ఆ వసతులు పెరిగాయి. కోస్తా జిల్లాల జనం నేటికీ వాటిని బోర్డింగు అనే అంటారు. గంట కొడితే లేవడం, ప్రార్థన, బడి, తోటపని, మళ్లీ ప్రార్థన అనే కట్టుదిట్టమైన దినచర్య అక్కడి పిల్లలది. ఇంటినీ ఇంటి దేవతలనూ విడిచి వచ్చిన పిల్లలకు అది సులభంగా మింగుడుపడింది కాదు, అయినా ఎవరూ తమను దూరం జరగమనని చోట వరసగా కూర్చుని తినడం అన్న అనుభవం చాలామందికి మొదటిసారిగా అక్కడే కలిగింది.

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో కాకినాడలో జరిగిన ప్రయత్నం మతం మారనవసరం లేకుండానే ఇదే అనుభవాన్ని ఇవ్వజూసింది. పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు బ్రహ్మసమాజ భావాలను ఆచరణలో పెట్టి, అంటరానివారని పక్కన పెట్టిన కులాల పిల్లలనూ ఆడపిల్లలనూ తరగతి గదిలోకి తెచ్చి, ఫీజు కట్టలేనివారికి తన జీతంలోంచి కట్టాడు. ఆయన శిష్యుడైన పిఠాపురం మహారాజా అనాథ శరణాలయానికీ, హరిజన విద్యార్థుల వసతికీ ధనసహాయం చేశాడు. పిల్లవాడిని బళ్లో చేర్చుకుంటే సరిపోదనీ, బడి వదిలాక అతడు ఎక్కడ పడుకుంటాడో, ఎవరి పక్కన తింటాడో కూడా విద్యలో భాగమేననీ వారు గ్రహించడం ఆ కాలానికి చాలా ముందున్న ఆలోచన. దాదాపు అదే సమయంలో మద్రాసు ప్రభుత్వం అణగారిన వర్గాల సంక్షేమాన్ని లేబర్ కమిషనర్ అనే అధికారి చేతిలో పెట్టింది. 1920ల నుంచి ఆ శాఖ నడిపిన బడులూ, ఇచ్చిన ఉపకార వేతనాలూ, వసతులూ తర్వాతి కాలపు సంక్షేమ హాస్టళ్లకు పునాది. 1932లో ఏర్పడిన హరిజన సేవక సంఘమూ వసతి గృహాల మీద శ్రద్ధ పెట్టింది. సహపంక్తి భోజనం, అంటే కులభేదం లేకుండా ఒకే వరసలో కూర్చుని తినడం, ఆనాటి సంస్కర్తల దృష్టిలో ఒక సభాకార్యక్రమం. హాస్టలులో అది రోజుకు రెండుసార్లు జరిగే మామూలు విషయం కావడమే ఈ సంస్థ సాధించిన పెద్ద పని.

హైదరాబాదు సంస్థానంలో కథ వేరు దారిన నడిచింది. ప్రభుత్వ భాష ఉర్దూ, 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో, జనసంఖ్యలో సగానికి దగ్గరగా ఉన్న తెలుగువారి భాషకు రాజధానిలో గౌరవం తక్కువ. నల్లగొండ నుంచో, పాలమూరు నుంచో వచ్చిన పదమూడు పద్నాలుగేళ్ల కుర్రవాడు నగరంలో మాట తడబడుతూ, నవ్వుతారేమోనని ముడుచుకుపోతూ ఉండేవాడు. అదే 1918లో, తర్వాత నగర కొత్వాలుగా ప్రసిద్ధుడైన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పూనికతో రెడ్డి హాస్టలు ఏర్పడింది. 1920ల్లో దాని నిర్వహణలో పాలుపంచుకున్న సురవరం ప్రతాపరెడ్డి తెలుగు పుస్తకాలతో గ్రంథాలయాన్ని పెంచి, వ్యాయామం, చర్చలు, ఉపన్యాసాలు అలవాటు చేసి, 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన తర్వాత ఆ వాతావరణాన్ని మరింత విస్తరించాడు. పరాయి భాషలో పగలంతా చదివి వచ్చిన పిల్లలకు సాయంత్రం తమ భాషలో వాదించుకునే చోటు, తమ ఊరి మాటను వెక్కిరించని చోటు దొరకడం వల్ల కలిగిన ఆత్మస్థైర్యాన్ని ఆనాటివారు మానసిక ఆరోగ్యమని అనలేదు గానీ, ఆ తరంలో తెలంగాణ ప్రజాజీవితంలోకి వచ్చిన రావి నారాయణరెడ్డి వంటివారు అక్కడే రూపుదిద్దుకున్నారు. 1938లో వందేమాతరం గీతాన్ని హాస్టలు ప్రార్థనలో పాడినందుకు ఉస్మానియా విద్యార్థులను బహిష్కరించడం, వారిలో చాలామంది నాగపూరు వెళ్లి చదువు పూర్తి చేసుకోవడం చూస్తే, వసతి గృహం పిల్లలు తమ గొంతు తాము వినడం నేర్చుకున్న స్థలంగా ఎంత బలపడిందో తెలుస్తుంది. ఆ ఉద్యమంలో పాల్గొని నాగపూరు వెళ్లినవారిలో పి.వి. నరసింహారావు ఒకరు.

అయితే రెడ్డి హాస్టలు పేరులోనే దాని పరిమితి ఉంది. దాని వెంట నగరంలో వైశ్య, మున్నూరుకాపు, గౌడ తదితర కులాల పేరున హాస్టళ్లు వెలిశాయి, కోస్తాలోనూ ఇదే పద్ధతి నడిచింది. దాతలు తమ కులం పిల్లలకు నీడనివ్వడం సహజమైన ఔదార్యమే, ఆ నీడలో వేలమంది తొలి తరం చదువరులు పైకి వచ్చిన మాట కూడా నిజమే. దాతలు లేని కులానికి హాస్టలు ఉండదన్నది దాని మరోవైపు. ఆ లోటును పూరించడానికి దళిత నాయకుడు భాగ్యరెడ్డివర్మ ధనికుల అండ పెద్దగా లేకుండానే 1910 నుంచి ఇసామియా బజారు, లింగంపల్లి వంటిచోట్ల ఆది హిందువుల, అంటే దళితుల, పిల్లలకు బడులు నడిపి, బాల్య వివాహాలనూ దేవదాసి, జోగిని ఆచారాలనూ ఎదిరించాడు. బడి పెట్టడం, పెళ్లి ఆపడం ఆయన దృష్టిలో ఒకే పనికి రెండు చేతులు. పిల్ల పదకొండో ఏట దేవుడికి అంకితమైపోతే బడి ఎవరికోసమన్నది ఆయన అడిగిన ప్రశ్న సారం.

ఆడపిల్లల విషయంలో కౌమారం కోసం జరిగిన పోరాటం మరింత కఠినమైనది, ఎందుకంటే అక్కడ ప్రత్యర్థి బయటి ప్రభుత్వం కాక ఇంటి పంచాంగం. 1929లో వచ్చిన శారదా చట్టం ఆడపిల్ల పెళ్లి వయసును పద్నాలుగుగా నిర్ణయించింది, 1978 సవరణతో అది పద్దెనిమిదికి చేరింది. చట్టానికీ ఆచారానికీ మధ్య ఖాళీలో పిల్లలను నిలిపి ఉంచగలిగింది వసతితో కూడిన చదువే. మాలపల్లి నవలాకారుడు ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో గుంటూరులో స్థాపించిన శారదా నికేతనం వితంతువులకూ, చదువు తెగిపోయిన బాలికలకూ ఆశ్రయమిచ్చింది. బాల్యంలోనే తనకు జరిపించిన పెళ్లిని తెంచుకుని చదువుకున్న దుర్గాబాయి మద్రాసులో బెనారస్ మెట్రిక్యులేషను పరీక్షకు బాలికలను, యువతులను తయారు చేయడంతో మొదలుపెట్టిన పని 1937లో ఆంధ్ర మహిళా సభగా రూపుదిద్దుకుంది. వయసు మించిందని, పెళ్లయిందని, భర్త పోయాడని బడి మూసిన తలుపులను తక్కువ వ్యవధి కోర్సులతో తిరిగి తెరిచిన ఆ పద్ధతిని స్వాతంత్ర్యానంతరం కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలిగా ఆమె దేశవ్యాప్తం చేసింది. తప్పిపోయిన కౌమారాన్ని వెనక్కి ఇవ్వవచ్చునన్న నమ్మకం మీద కట్టిన సంస్థలివి, తెలుగువారి సంక్షేమ చరిత్రలో వీటికి ఇంకా తగిన చోటు దొరకలేదు.

భాషే అడ్డుగోడ అయిన చోట, అంటే ఆదిలాబాదు గోండుల మధ్య, జరిగిన ప్రయోగాన్నీ ఇక్కడే చెప్పుకోవాలి. నిజాం పాలన మీద తిరగబడిన గోండు నాయకుడు కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో కాల్పుల్లో మరణించిన తర్వాత, ఆ తిరుగుబాటు కారణాలను పరిశీలించడానికి నిజాం ప్రభుత్వం ఆహ్వానించిన మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉండి, భూమి సమస్యతో పాటు బడి సమస్యనూ చూశాడు. 1943లో అక్కడ మొదలైన కేంద్రం గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారు చేసి, గోండీ భాషలో వాచకాలు రాయించి, పిల్లవాడు మొదటి అక్షరాన్ని తల్లి భాషలో దిద్దేలా చేసింది. తర్వాతి దశాబ్దాల్లో ఆశ్రమ పాఠశాలలు, అంటే గిరిజన పిల్లలు ఉండి చదువుకునే ప్రభుత్వ బడులు, సంఖ్యలో చాలా పెరిగాయి గానీ మార్లవాయి మూలసూత్రం అదే మోతాదులో వాటి వెంట వెళ్లలేదు. తెలుగు మాత్రమే వచ్చిన ఉపాధ్యాయుడి ముందు కోలామీ, గోండీ మాట్లాడే పిల్ల మౌనంగా ఉండిపోతే దాన్ని మందబుద్ధిగా లెక్కగట్టే పొరపాటు ఏజెన్సీ బడులను దీర్ఘకాలం వెంటాడింది.

రాజ్యాంగం వచ్చాక వసతి దాతల దయ నుంచి ప్రభుత్వ బాధ్యతగా మారింది. సాంఘిక సంక్షేమ శాఖ హాస్టలు తాలూకా కేంద్రం నుంచి పెద్ద గ్రామం దాకా వ్యాపించింది, వెనుకబడిన తరగతులకు, గిరిజనులకు వేరువేరు శాఖల హాస్టళ్లు ఏర్పడ్డాయి. పిల్లవాడు ట్రంకు పెట్టె, కంచం, దుప్పటి పట్టుకుని వచ్చేవాడు. పేరు రిజిస్టరులో ఎక్కితే మెస్ ఛార్జీలు వచ్చేవి, సబ్బుకూ నూనెకూ క్షవరానికీ ఇచ్చే చిన్న మొత్తాన్ని కాస్మెటిక్ ఛార్జీలనేవారు. హాస్టలుకు ఒక వార్డెను, ఒక వంటమనిషి, ఒక కమాటి, ఒక వాచ్‌మను అన్నది స్థూలంగా మంజూరైన సిబ్బంది. కమాటి అంటే నీళ్లు తోడటం, గిన్నెలు కడగడం మొదలు జ్వరం వచ్చిన పిల్లవాడిని ఆసుపత్రికి తీసుకుపోవడం దాకా అన్నీ చేసే సహాయకుడు. వార్డెను పదవి తరువాత హాస్టలు సంక్షేమాధికారిగా మారింది, ఆయన పనిలో సింహభాగం బియ్యం కోటా, బిల్లులు, హాజరు లెక్కలే అయిపోయింది. ఒకే అధికారికి రెండు మూడు హాస్టళ్ల అదనపు బాధ్యత అప్పగించడం, కుటుంబం పట్నంలో ఉండటం వల్ల ఆయన సాయంత్రానికి వెళ్లిపోవడం మామూలైంది. అందువల్ల రాత్రి తొమ్మిదింటికి భయపడిన ఆరో తరగతి పిల్లవాడికి అందుబాటులో ఉన్న పెద్ద మనిషి వాచ్‌మనో, కమాటో అయ్యాడు. హాస్టళ్లలో చదివి పైకి వచ్చిన దళిత, బహుజన తరం జ్ఞాపకాల్లో పేరు పెట్టి ప్రేమగా గుర్తుకు వచ్చేది తరచుగా ఆ వంటమనిషీ ఆ కమాటీ కావడం వెనుక ఈ పరిపాలనా వాస్తవం ఉంది. ఏ శాసనమూ వారికి పిల్లల మనసు చూసే బాధ్యత అప్పగించలేదు, ఏ శిక్షణా ఇవ్వలేదు, అయినా ఆ పని చేసింది వారే.

1971లో ముఖ్యమంత్రి అయిన పి.వి. నరసింహారావు అదే సంవత్సరం నల్లగొండ జిల్లా సర్వేలులో ప్రారంభింపజేసిన గురుకుల పాఠశాల ఈ లోటుకు ఒక సమాధానం. గ్రామీణ విద్యార్థులను పరీక్ష ద్వారా ఎంపిక చేసి, ఉపాధ్యాయులు కూడా పాఠశాల ఆవరణలోనే నివసించేలా ఏర్పాటు చేయడం దాని ప్రత్యేకత; పాఠం చెప్పిన మనిషే రాత్రి చదువు వేళ కనిపించడం, ఆయన భార్యాపిల్లలు కూడా ఆ ఆవరణలోనే తిరగడం వల్ల పిల్లలకు ఇంటి వాతావరణం కొంతైనా మిగిలింది. తాడికొండ, కొడిగెనహళ్లి పాఠశాలలు దాన్ని అనుసరించాయి, 1986 జాతీయ విద్యావిధానంలో వచ్చిన నవోదయ విద్యాలయాలకు కేంద్ర మంత్రిగా ఆయనే రూపకల్పన చేయించారు. సర్వేలు పద్ధతి ప్రతిభను వడగట్టి తీసుకోవడం మీద ఆధారపడింది గనుక, వడపోతలో మిగిలిన పిల్లల సంగతి పాత హాస్టలుకే వదిలేసింది. 1980ల్లో సాంఘిక సంక్షేమ గురుకులాలు ఏర్పడినప్పుడు ఆ అన్యాయం కొంతవరకు తీరింది. వెట్టి చాకిరీ నిర్మూలన చట్టాన్ని పట్టుదలతో అమలు చేయించిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ కృషి దీని వెనుక ఉంది. జీతగాడిని విడిపిస్తే చాలదు, విడిపించిన కుర్రవాడికి మరునాడు ఉండటానికి చోటు కావాలన్నది ఆయనకు క్షేత్రంలో అర్థమైన విషయం. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్, శాంతా సిన్హా నాయకత్వంలో, పనిలో ఉన్న పిల్లలను బ్రిడ్జి కోర్సు శిబిరాల్లో ఉంచి వయసుకు తగిన తరగతికి చేర్చింది. శిబిరంలో మొదటి వారాలు పాఠాలకు కాక ఆటలకూ పాటలకూ మాటలకూ కేటాయించడంలో పనికి అలవాటు పడిన పిల్లలను మళ్లీ పిల్లలుగా ఉండనివ్వాలన్న స్పష్టమైన అవగాహన కనిపిస్తుంది.

ఇదే దశాబ్దంలో తెలుగునాట మరో రకం హాస్టలు పుట్టి, చూస్తుండగానే మిగతావాటిని మించి పెరిగింది. ఇంజనీరింగు, వైద్య కోర్సులకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష వచ్చాక ర్యాంకు అనే ఒక్క అంకె కుటుంబం భవిష్యత్తుకు తాళంచెవి అయింది. విజయవాడ, గుంటూరు, నెల్లూరు పట్టణాల్లో మొదలైన కోచింగు కేంద్రాలు రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలుగా మారి, 1998లో ఐటీ సంస్థల సముదాయం సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి హైదరాబాదు శివార్లలోనూ నిండాయి. భూమి అమ్మి, అప్పు చేసి పిల్లలను చేర్చిన రైతులది, చిరుద్యోగులది దురాశ అనలేము, ఊళ్లో వ్యవసాయం కూలుతుంటే కంటి ముందు కనిపించిన ఒకే మెట్టు అది. ఆ అపార్టుమెంటు హాస్టలులో పిల్లవాడు తెల్లవారుజామున ఐదింటికి లేచి స్టడీ అవర్‌లో కూర్చుంటాడు, పగటి తరగతుల తర్వాత మళ్లీ రాత్రి పది దాటే దాకా స్టడీ అవర్ ఉంటుంది. వారం చివర పరీక్ష, మార్కుల జాబితా గోడ మీద, దాన్నిబట్టి సెక్షను మార్పు జరుగుతాయి; పై సెక్షనుకు అనుభవజ్ఞులైన లెక్చరర్లు, కింది సెక్షనుకు కొత్తవారు దొరుకుతారు. ఇంటికి ఫోను వారానికోసారి, అదీ వరసలో నిలబడి వెనుకవాళ్లు వింటుండగా మాట్లాడే ఫోను. ఔటింగు ఆదివారాల్లో తల్లిదండ్రులు క్యారియర్లతో గేటు ముందు బారులు తీరతారు, అన్నం కలిపి పెడుతూనే మార్కులు అడుగుతారు.

పాత హాస్టలులో పంక్తి కులాన్ని చెరపడానికి ఉద్దేశించినదైతే, ఇక్కడ సెక్షను కొత్త పంక్తిభేదాన్ని తెచ్చింది. దాని బరువు అందరి మీదా సమానంగా పడలేదు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పల్లె పిల్ల, ఇంట్లో మొదటిసారి పదో తరగతి దాటిన కుర్రవాడు, ఫీజు రాయితీ మీద చేరినవాడు కింది సెక్షనులోకి జారినప్పుడు అది చదువులో వెనుకబాటుగా కాక తాము ఇక్కడికి తగనివాళ్లమన్న తీర్పుగా వారికి వినిపించింది. రాత్రి పర్యవేక్షణకు ఉండే ఫ్లోర్ ఇన్‌ఛార్జి తరచుగా ఆ పిల్లల కంటే నాలుగైదేళ్లు మాత్రమే పెద్దవాడైన యువకుడు. పిల్లలు పుస్తకం ముందు కూర్చున్నారా లేదా చూడటమే అతడి ఉద్యోగం. 1990ల చివరి నుంచి విద్యార్థుల ఆత్మహత్యల వార్తలు పరీక్షా ఫలితాల ఋతువుతో పాటు రావడం మొదలై, ప్రభుత్వాలు కమిటీలు వేసి, పని గంటలు తగ్గించాలని, సెలవులు ఇవ్వాలని, సలహాదారులను నియమించాలని ఉత్తర్వులు జారీ చేశాయి, ఆ ఉత్తర్వుల్లో పెక్కు కాగితం మీదే ఉండిపోయాయి.

ఈ మరణాల గురించి బహిరంగంగా మాట్లాడటానికి చట్టమే చాలాకాలం అడ్డుపడింది. భారత శిక్షాస్మృతి 309వ సెక్షను ప్రకారం ఆత్మహత్యా యత్నం నేరం గనుక, బతికి బయటపడిన పిల్లను పోలీసు కేసు నుంచి కాపాడుకోవడానికి కుటుంబం కడుపునొప్పి అనో, పొరపాటు అనో చెప్పేది. అసలు బాధ వైద్యుడి దాకా చేరేది కాదు. చేరినా చూపించగల చోటు హైదరాబాదు ఎర్రగడ్డ, విశాఖపట్నం మానసిక వైద్యశాలలే అన్నట్టుండేది, 1953లో జాల్నా నుంచి తరలివచ్చిన ఎర్రగడ్డ ఆసుపత్రి పేరే తిట్టుగా మారిన సమాజంలో పదిహేనేళ్ల ఆడపిల్లను అక్కడికి తీసుకెళ్లడానికి ఏ తండ్రి కాళ్లూ కదిలేవి కావు. ఈ పరిస్థితిలో 1997 నుంచి హైదరాబాదులో రోష్ని సంస్థ, అంతకు ముందు 1986 నుంచి చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ స్థాపించిన స్నేహ, పేరు అడగకుండా ఫోనులో వినే స్వచ్ఛంద సేవకులతో ఒక మధ్య దారి వేశాయి. స్నేహ అనుభవం నుంచి వచ్చిన ఒక సూచన చరిత్రకారులు గుర్తుంచుకోదగినది: పరీక్ష తప్పిన విద్యార్థి ఏడాది ఆగనవసరం లేకుండా కొద్ది వారాల్లోనే సప్లిమెంటరీ పరీక్ష రాసే వీలు తమిళనాడులో కల్పించారు, ఒక్క పరిపాలనా నిర్ణయం ఏడాది పొడవు అవమానాన్ని నెల రోజులకు కుదించింది. తెలుగు రాష్ట్రాల ఇంటర్మీడియట్ బోర్డుల అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ కూడా అదే దారిలోది.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడినప్పుడు వ్యవస్థ తప్పు పిల్లల ప్రాణానికి ఎంత దగ్గరగా ఉంటుందో అందరికీ కనిపించింది. మూడు లక్షలకు పైగా విద్యార్థులు తప్పినట్టు ప్రకటించారు, మార్కుల నమోదులో లోపాలు బయటపడ్డాయి, కొద్ది రోజుల్లోనే ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తప్పినవారందరి జవాబు పత్రాలనూ ఉచితంగా పునఃపరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించాక వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులయ్యారు. ఆ వెయ్యిమందిని లెక్కించడం అవసరమే, కానీ నిజంగానే పరీక్ష తప్పిన పిల్లలకు కూడా బతికే హక్కు అంతే ఉందన్న మాట ఆ రోజుల చర్చలో తగినంత బలంగా వినిపించలేదు.

ఈలోగా చట్టం మారింది. 2018 మేలో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలనీ, శిక్షించరాదనీ చెప్పింది. 2024 జులై నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షనుకు చోటు లేదు. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం పది నుంచి పంతొమ్మిదేళ్ల వారి ఆరోగ్యంలో మనసును కూడా చేర్చింది, 2022 అక్టోబరు నుంచి టెలీ మానస్ ఉచిత ఫోను సేవ 14416 సంఖ్య మీద తెలుగులోనూ అందుతోంది. విశాఖపట్నంలో హాస్టలులో ఉండి వైద్య ప్రవేశ పరీక్షకు చదువుతున్న పదిహేడేళ్ల విద్యార్థిని 2023లో మరణించిన కేసులో, ఆమె తండ్రి వేసిన అప్పీలు మీద సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇస్తూ, శాసనం వచ్చేదాకా దేశమంతటా పాటించవలసిన పదిహేను మార్గదర్శకాలను విధించింది. మార్కులను బట్టి బ్యాచులు విడదీయడం, నలుగురిలో అవమానించడం సాధ్యమైనంత వరకు మానుకోవాలన్నది వాటిలో ఒకటి. దళిత, గిరిజన, వెనుకబడిన వర్గాల పిల్లలతోనూ, వికలాంగులతోనూ, లైంగిక అల్పసంఖ్యాకులతోనూ వివక్ష లేకుండా మెలగడానికి సిబ్బందికి శిక్షణ ఇవ్వాలన్నది మరొకటి. సెక్షను పద్ధతి పిల్లల ఆరోగ్య సమస్య అని, వివక్ష మానసిక వైద్యానికి సంబంధించిన విషయమని దేశంలోని అత్యున్నత న్యాయస్థానం తెలుగు నేల మీది ఒక హాస్టలు మరణం నుంచి చెప్పవలసి వచ్చింది.

వందమంది, అంతకు పైగా విద్యార్థులున్న సంస్థ అర్హత గల సలహాదారును కనీసం ఒకరిని నియమించాలని ఆ మార్గదర్శకాలు కోరాయి. అంతకంటే చిన్న సంస్థలు బయటి మానసిక ఆరోగ్య నిపుణులతో లాంఛనంగా సంబంధం ఏర్పరచుకుంటే చాలు. నగరంలోని పెద్ద కళాశాలకు మొదటి నిబంధన వర్తిస్తుంది. మండల కేంద్రంలోని చిన్న సంక్షేమ హాస్టలు, ఉట్నూరు ఏజెన్సీలోని చిన్న ఆశ్రమ వసతి రెండో నిబంధన కిందికి వస్తాయి. జిల్లా కేంద్రంలో నిపుణుడు ఉన్నా, బస్సు దిగి రెండు వాగులు దాటి వెళ్లవలసిన ఊళ్లో, గోండీ తప్ప మరో భాషలో ఏడవడం రాని పన్నెండేళ్ల పిల్లకు ఆ సంబంధం ఎలా అందుతుందన్నది ఇక తేల్చవలసిన విషయం. మార్లవాయిలో 1943లో ఉపాధ్యాయుల కోసం చేసినట్టే, ఆ ఊళ్ల యువతీ యువకులనే ఎంచుకుని, వినడంలోనూ ప్రమాద సూచనలు గుర్తించడంలోనూ శిక్షణనిచ్చి, జీతంతో, రాత్రి బసతో హాస్టలులోనే ఉంచడం దానికి ఒక మార్గం; వార్డెను, వంటమనిషి, కమాటి, వాచ్‌మను అని ఉన్న మంజూరు పట్టికలో ఐదో వరస చేర్చడానికి అయ్యే ఖర్చు మెస్ ఛార్జీల పద్దుతో పోలిస్తే చిన్నదే.